గౌరీదేవి సాండ్ వెడ్జ్

ఆదివారం మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు బోర్లించాక, గౌరీదేవికి మిగిలే ఆఖరి పని భర్త గోల్ఫ్ కర్రలు కడగడం. పెరటి కుళాయి దగ్గర పీట వేసుకుని, బకెట్‌లో గోరువెచ్చని సబ్బునీళ్ళు పెట్టుకుని, అరిగిన పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్క కర్ర తలనూ తోముతుంది. బంతిని కొట్టే ముఖం మీది సన్నని గాడుల్లో ఇరుక్కున్న మట్టిని వెదురుపుల్లతో తీసి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, వరసగా గోడకు ఆనిస్తుంది. పద్నాలుగు కర్రలు, పద్దెనిమిదేళ్ళుగా. టెల్కో కాలనీలో భర్త సూర్యప్రకాష్‌కు పెద్ద క్వార్టరు వచ్చిన ఏడాదే క్లబ్బు సభ్యత్వమూ వచ్చింది. దాని వెనకే ఈ పనీ వచ్చింది. చెయ్యమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. మొదటి ఆదివారం అతను సంచీని వరండాలో దింపి, “గౌరీ, వీటిని కొంచెం చూడు” అన్నాడు. ఆ ‘కొంచెం’ ఇన్నాళ్ళు సాగింది. అత్తగారు దాలమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. “మీ మావ డ్యూటీకేసుకెళ్ళే డాంగ్రీ నాను ముప్పై ఏళ్ళు కిరసనాయిల్లో నానేసి ఉతికినాను. ఆ నూనె మరకలేటి, ఈ మట్టేటి. కడుగు” అనేది, వరండా అరుగు మీద కాళ్ళు చాపుకుని.

గౌరీదేవి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయశాస్త్రం చదివి, పెళ్ళితో జంషెడ్‌పూర్ వచ్చి, కాలనీ బడిలో గ్రంథాలయం చూసుకుంటున్న మనిషి. ఏ టీచరు సెలవు పెట్టినా “లైబ్రరీ మేడమ్ ఖాళీయే కదా” అంటూ ఆ తరగతిని ఆమెకే అప్పగిస్తారు. చేతికొచ్చిన ప్రతి వస్తువునూ తిప్పి చూసి, వెనక ఏం రాసి ఉందో చదివితే గాని వదలని అలవాటు ఆమెది. కర్రల మీది మట్టిని కూడా అలాగే చదవసాగింది. పొడుగు కర్ర మడమ దగ్గర గడ్డిమరక ఉందంటే ఆ పూట బంతులన్నీ కుడివైపు చెట్లలోకి పోయాయని అర్థం. ఏడో నంబరు కర్ర ముఖం నడిమధ్య గుండ్రని మచ్చ ఉందంటే దెబ్బలు బాగా పడ్డాయని, సాయంత్రం టీతో పకోడీలు అడుగుతాడని అర్థం. భోజనాల దగ్గర అతను చెప్పే ఆట ఒకటి, కుళాయి దగ్గర కర్రలు చెప్పే ఆట మరొకటి. ఆమె దేన్నీ ఖండించేది కాదు.

వాటన్నిటిలో ఆమెను తికమక పెట్టింది సాండ్ వెడ్జ్. మైదానంలో అక్కడక్కడా ఇసుక నింపిన పల్లాలుంటాయి, వాటిని బంకర్లంటారు. అందులో పడ్డ బంతిని బయటికి తీయడానికే పుట్టిన కర్ర అది: పొట్టిగా, బరువుగా, ముఖం బాగా వెనక్కి వాలి ఉంటుంది. సూర్యప్రకాష్ దాన్ని ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చాడు. సన్నగా, నాజూగ్గా, చూడగానే ఖరీదైనదని తెలిసేలా ఉంటుంది. దాని ముందంచు నిండా గాట్లు. అడుగుభాగం మాత్రం కొన్ననాటి మెరుపు పోకుండా ఉంది. ఇసుకలోకి దిగుతున్నది అంచేననీ, అడుగు ఇసుకను తాకడమే లేదనీ ఆమెకు అర్థమైంది గాని, అది తప్పో ఒప్పో తెలియలేదు. కర్ర మెడ మీద 56 అనీ, దాని కింద చిన్నగా 06 అనీ చెక్కి ఉంది. మొదటిది ముఖం వాలు ఎన్ని డిగ్రీలో చెప్పే అంకె అన్నాడతను. రెండోదేమిటని అడిగితే, “మోడల్ నంబరో ఏదో. నీకెందుకు?” అన్నాడు.

నిజంగానే ఆమెకు అవసరం లేకపోయేది, కిందటి జనవరిలో క్లబ్బువాళ్ళు భార్యాభర్తల పోటీ పెట్టకుండా ఉంటే. పెద్ద అధికారుల భార్యలంతా ఆడుతున్నారని, తన భార్య ఆడకపోతే బాగుండదని సూర్యప్రకాష్ ఆమె చేతికి పాత కర్రలు నాలుగిచ్చి, రెండు నెలలు శనివారం శనివారం మైదానానికి తీసుకెళ్ళాడు. ఆమెకు బంతిని తిన్నగా కొట్టడం తొందరగానే వచ్చింది. దూరం పోదు, పక్కకీ పోదు. “బస్, అంతే చాలు. నువ్వు రోడ్డు మీద ఉంచు, మిగతాది నాకొదిలెయ్” అన్నాడు. అయితే ఆ పోటీ నియమం వేరు. జంటకు ఒకే బంతి. ఒక దెబ్బ అతనిది, తరవాతి దెబ్బ ఆమెది, బంతి గుంటలో పడేదాకా వంతులవారీగా. అంటే అతను ఇసుకలో వేస్తే బయటికి తీయవలసింది ఆమె. ఆ నియమం కాగితం మీద చదివినప్పుడు గౌరీదేవికి నవ్వొచ్చింది. ఇదేమీ తనకు కొత్త ఆట కాదనిపించింది.

ఐదో గుంట దగ్గర అతను బంకర్‌లో వేశాడు. ఆమె అతని సింగపూర్ కర్రతో కొట్టింది. కర్ర గునపంలా దిగబడింది, బంతి జానెడు జరిగి అక్కడే ఉండిపోయింది. అతను కొట్టాడు, బంతి గుంట చుట్టూ ఉన్న నున్నటి పచ్చిక మీదుగా ఎగిరి అవతలి బంకర్‌లో పడింది. మళ్ళీ ఆమె వంతు. మళ్ళీ గునపం. ఆ ఒక్క గుంటకే పదకొండు దెబ్బలయ్యాయి. మధ్యాహ్నం విందులో సూర్యప్రకాష్ పళ్ళెం చేత్తో పట్టుకుని, పదిమంది మధ్య నిలబడి, “మా గౌరి బంకర్‌లో చపాతీ పిండి కలిపిందండీ, నీళ్ళొక్కటే తక్కువ” అన్నాడు. అందరూ నవ్వారు. బంతిని రెండుసార్లూ ఇసుకలో వేసిందెవరని ఎవరూ అడగలేదు. గౌరీదేవి కూడా నవ్వింది. తరవాత చాలా రోజులు ఆమెను ముల్లులా పొడిచింది ఆ మాట కాదు, తన నవ్వు.

తప్పు తన చేతిదా, కర్రదా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్కపోతే తాను ఆ నవ్వుతోనే బతకవలసి ఉంటుందని ఆమెకు తోచింది. జవాబు బడి గ్రంథాలయంలోనే, పనికిరావని పక్కన పెట్టిన పుస్తకాల బీరువాలో దొరికింది. ఎవరో రిటైరైన ఇంజినీరు దానంగా ఇచ్చిపోయిన గోల్ఫ్ పుస్తకం. అట్ట ఊడిపోయింది, బొమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు. ఏడో తరగతి పిల్లలు కథల పుస్తకాల కోసం తోసుకుంటుంటే, ఆమె బీరువా వెనక నేల మీద చతికిలబడి ఇసుక అధ్యాయం చదివింది. ఇసుకలో బంతిని కొట్టనే కూడదట. బంతికి రెండంగుళాల వెనక ఇసుకను కొట్టాలట. ఆ లేచిన ఇసుకే బంతిని ఎత్తి అవతల పెడుతుందట. ఇక ఆ రెండో అంకె మోడల్ నంబరు కాదు. కర్రను నేల మీద నిలబెట్టినప్పుడు అడుగుభాగం ముందంచు కంటే ఎంత కిందికి ఉబ్బి ఉందో చెప్పే కోణం. దాన్ని బౌన్స్ అంటారు. ఉబ్బు ఎక్కువుంటే కర్ర మెత్తటి ఇసుకలో దిగబడకుండా జారుతుంది. తక్కువుంటే తవ్వుతుంది. గట్టి ఇసుకకు తక్కువ ఉబ్బు, మెత్తటి ఇసుకకు ఎక్కువ ఉబ్బు. క్లబ్బు బంకర్లలో ఉన్నది సువర్ణరేఖ నుంచి తెచ్చిన మెత్తటి నది ఇసుక. ఆరు డిగ్రీల కర్రను ఎవరి చేతికిచ్చినా అది తవ్వే తీరుతుంది. గౌరీదేవి ఆ పేరా మూడుసార్లు చదివింది. పరీక్ష ఫలితాలు గోడకంటించిన రోజున కూడా ఆమె గుండె అంత వేగంగా కొట్టుకోలేదు.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, అత్తగారికి మందు వేసి, స్కూటీ మీద సిద్ధగోరా వెళ్ళింది. అక్కడ కూర్మారావు ఇంటి వెనక రేకుల షెడ్డుంది. కూర్మారావు శ్రీకాకుళం తీరం నుంచి కుర్రతనంలో వచ్చి, కర్మాగారం టూల్‌రూములో పనిముట్లకు పదును పెట్టే గ్రైండరుగా రిటైరైనవాడు. ఇప్పుడు క్లబ్బు సభ్యుల గోల్ఫ్ కర్రలకు కొత్త పిడులు వేస్తాడు, పాత కర్రలు బాగుచేసి అమ్ముతాడు. ఏటా సూర్యప్రకాష్ కర్రలను ఇక్కడికి మోసుకొచ్చేది గౌరీదేవే.

“సార్ గారికేటమ్మా? పిడులు పోయినాయా?” అన్నాడు కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ.

“సార్‌కి కాదండి. నాకు. సాండ్ వెడ్జ్ కావాలి.”

‘నాకు’ అన్న మాట ఏదైనా వస్తువు ముందర నిలబెట్టి పలికి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. చీరలు కొన్నప్పుడు కూడా పెళ్ళికో వ్రతానికో అని చెబుతుంది. లోపల బియ్యం ఏరుతున్న కూర్మారావు భార్య జోగమ్మ, చేట పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

కూర్మారావు మూడు కర్రలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల మీద అతను తుక్కులో కొన్న సర్ఫేస్ ప్లేటు ఉంది. అద్దంకన్నా సమంగా ఉండే ఇనుప పలక అది. గౌరీదేవి అడిగి ఒక అగ్గిపుల్ల తీసుకుంది. ఒక్కొక్క కర్రనూ పలక మీద నిలబెట్టి, ముందంచు కింద పుల్లను దూర్చి చూసింది. మొదటిదాని కింద పుల్ల కొన కూడా వెళ్ళలేదు. రెండోదాని కింద కొన వెళ్ళి ఆగింది. మూడోదాని కింద పుల్ల పూర్తిగా దూరి అవతలికి కదిలింది. ఆమె కర్ర మెడ తిప్పి చూసింది. అంకెలు సగం అరిగిపోయాయి గాని చదవవచ్చు: 56, 14.

“అది ఎవులూ తీసుకోరమ్మా” అన్నాడు కూర్మారావు. “పదేళ్ళై ఇక్కడే పడుంది. అడుగు సూడండి, గమ్‌బూటులాగుంది. సార్లకి సన్నగా, మెరుత్తుండాల.”

“మీరేమంటారు?”

ఆ ప్రశ్న అతన్ని కూడా ఎవరూ అడిగినట్టు లేదు. కర్ర చేతిలోకి తీసుకుని, అడుగును బొటనవేలితో నిమిరాడు. “నాను గ్రైండింగు సేసినోన్ని. యాంగిల్ సూత్తాను గాని అందం సూడను. మా ఊల్లో తెప్పలుండేవి. ముక్కు కిందికున్న తెప్ప అలలోకి దిగబడిపోద్ది. ముక్కు లేచున్నది అల మీదికెక్కి పోద్ది. సార్ కర్ర ముక్కు కిందికుంది, గట్టినేలకైతే మంచిదే. ఈ నది ఇసకలో అది తవ్వుతాది. ఇది తేలుతాది.”

అట్ట ఊడిన పుస్తకమూ, టూల్‌రూము మనిషీ ఒకే మాట చెబుతున్నారు. గౌరీదేవికి అక్కడికక్కడే కర్ర పట్టుకుని పరుగెత్తాలనిపించింది. కాని తొందరపడలేదు. పెరట్లోకి వెళ్ళి, మడమలతో నేల తొక్కి, ముప్పైసార్లు ఊపి చూసింది. పొడుగు ఎక్కువైంది, మగవాళ్ళ కొలత. కూర్మారావు అరంగుళం కోశాడు. మళ్ళీ ఊపింది. ఇంకో పావంగుళం అంది. కోశాడు. ఇక పిడి. అతను దర్జీ టేపు తెచ్చి, ఆమె అరచేతిని మణికట్టు నుంచి నడివేలి కొనదాకా కొలిచి, గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. గాజుల కోసం తప్ప ఆమె చేతిని ఎవరూ కొలిచి ఎరగరు. ఆ కొలతను బట్టి సన్నటి పిడి వేస్తుంటే ఆమె కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది.

“పెల్లిసూపుల్లో సార్‌ని ఇంతసేపు సూసినారేటమ్మా?” అంది జోగమ్మ.

“లేదు. అప్పుడు కాఫీ కప్పులే చూశాను.”

జోగమ్మ పగలబడి నవ్వింది. నవ్వి, ఊరుకోకుండా, ఇసుకలో కొట్టడం నేర్చుకోవాలంటే భుయ్యాడీ బస్తీ పక్క సువర్ణరేఖలో బోలెడు ఇసుక మేటలున్నాయనీ, బుధవారాలు తనకు ఖాళీయేననీ, ఆడమనిషి ఒక్కతీ అక్కడ కర్ర ఊపుతుంటే నలుగురూ మూగుతారు గనుక తాను తోడు కూర్చుంటాననీ చెప్పింది.

అలా మొదలయ్యాయి బుధవారాలు. బడి రెండింటికి వదిలేస్తారు. గ్రంథాలయంలో పుస్తకాల స్టాకు సరిచూడాలని ఇంట్లో చెప్పేది. అది అబద్ధమన్న గుర్తు స్కూటీ కాలనీ గేటు దాటేదాకానే ఉండేది. వర్షాలు తగ్గి నది ఒక పక్కకు ఒదిగింది. తెల్లటి మేటలు ఎండకు మెరుస్తున్నాయి. దూరంగా పొగగొట్టాలు, వంతెన మీద లారీలు, నీటి ఒడ్డున గేదెలు. గౌరీదేవి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పుస్తకంలో చెప్పినట్టు పాదాలను ఇసుకలోకి అటూ ఇటూ తిప్పి దింపుకుని, కర్ర ముఖాన్ని ముందు ఆకాశంవైపు తెరిచి ఆ తరవాతే పిడి పట్టుకుని, బంతిని ఎడమ కాలి మడమకు ఎదురుగా ఉంచుకుని కొట్టింది. జోగమ్మ బంతికి వెనక రెండంగుళాల దూరంలో పుల్లతో గీత గీసేది. దెబ్బ పడ్డాక వంగి, ఇసుకలో ఏర్పడ్డ గుంట ఎక్కడ మొదలైందో చూసి తీర్పు చెప్పేది. “గీతకి ఎనకాల.” “ఇంకా ఎనకాల.” “ఇది బంతినే తగిలింది, ఇది లెక్కలోకి రాదు.” రెండు బుధవారాలు ఒక్క బంతి కూడా సరిగ్గా లేవలేదు. కళ్ళలో, పళ్ళ మధ్య, జడలో ఇసుక. అయినా ఆమెకు విసుగు రాలేదు, అదే ఆమెకు ఆశ్చర్యం. ఇంట్లో పప్పు కొంచెం మాడితేనే రోజంతా తనను తాను తిట్టుకునే మనిషి, ఇక్కడ అరవైసార్లు తప్పు చేసి అరవై ఒకటోసారి కోసం ఉరకలు వేస్తోంది.

మూడో బుధవారం జోగమ్మ ఆమెను ఆపింది. “అమ్మా, నాను ఆటగత్తెను గాను. ఒకటి సెప్పనా? నువ్వు కొట్టీదాకా కొడతన్నావు, ఇసక తగలగానే సెయ్యి ఆపేత్తన్నావు. ఎవులికో తగిలిపోద్దన్నట్టు.”

గౌరీదేవి కర్ర దించి నిలబడిపోయింది. బీరువా తలుపు చప్పుడు కాకుండా వేయడం, మెట్లు మెత్తగా దిగడం, గిన్నె మీద గిన్నె పెట్టేటప్పుడు మధ్యలో వేలు అడ్డుపెట్టడం, ఫోనులో కూడా గొంతు తగ్గించి మాట్లాడడం. కొత్తకోడలిగా వచ్చిన వారంలో ఎవరో చుట్టం మెచ్చుకున్నారు: ఇంట్లో కోడలున్నట్టే తెలీదు. ఆ మెప్పుకే ఇరవై రెండేళ్ళు కాపలా కాసింది. ఏ వస్తువునూ పూర్తి బలంతో తాకలేదు. ఇప్పుడు ఇసుకను కొట్టమంటే చెయ్యి దానంతటదే ఆగిపోతోంది. ఆమె మళ్ళీ పాదాలు దింపుకుంది. గీతను చూసింది. బంతిని చూడడం మానేసింది. ఈసారి కర్రను భుజం మీదిదాకా ఎత్తి, గీత మీదికి వదిలి, ఆపకుండా, రెండో భుజం మీదికి పోయేదాకా పోనిచ్చింది.

చప్పుడు వేరేగా వచ్చింది. బరువైన పరుపును అరచేత్తో చరిచినట్టు, నిండుగా, మెత్తగా. ఇసుక విసనకర్రలా లేచింది. ఆ ఇసుకలోంచి బంతి, ఎవరో అరచేతిలో పెట్టి అందించినట్టు, తీరిగ్గా పైకి తేలి, ఇరవై అడుగుల అవతల దిగి, రెండంగుళాలు దొర్లి ఆగింది. చేతుల్లో దెబ్బ తగిలిన స్పర్శే లేదు. గౌరీదేవి నోట్లోంచి ఏదో కేక వచ్చింది. గేదెలు తలెత్తి చూశాయి. జోగమ్మ వంగి గుంటను పరీక్షించి, “గీత మీదే” అంది గంభీరంగా. అంటూనే ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని గంతులు వేసినంత పని చేశారు. ఆ సాయంత్రం పొద్దువాలేదాకా ఆమె కొడుతూనే ఉంది. పదింట ఆరు. పదింట ఏడు. తడి ఇసుక మీద ముఖం కొంచెం మూసి, పొడి ఇసుక మీద బాగా తెరిచి. ఇంటికి వెళ్ళే దారిలో షిఫ్టు బస్సుల మధ్య స్కూటీ నడుపుతూ, ఎర్రదీపం దగ్గర ఆగి, హ్యాండిల్ మీద చేతులతోనే ఆ ఊపును మళ్ళీ మళ్ళీ చేసి చూసుకుంది.

డిసెంబరులో ఒక బుధవారం ఆమె చెప్పులు విప్పుతుంటే వరండాలో గుప్పెడు ఇసుక రాలింది. అరుగు మీద దాలమ్మ చూసింది.

“పుస్తకాల గదిలో ఇసకెక్కడిదే?”

గౌరీదేవికి మరో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నది, కర్ర, బుధవారాలు అన్నీ చెప్పేసింది. చెబుతున్నకొద్దీ గొంతులో ఉత్సాహం ఆగలేదు. ఇసుక ఎలా లేస్తుందో చేతులతో చూపించింది కూడా. దాలమ్మ చాపిన కాళ్ళు దగ్గరికి తీసుకుంది. తరవాత, తన మొగుడి డ్యూటీ సైకిలు ముప్పై ఏళ్ళు పాత క్వార్టరు వరండాకు ఆనుకుని ఉండేదని, తొక్కాలని తనకు మహా కోరికగా ఉండేదని, అడిగితే ఏమంటాడో అని అడగలేదని చెప్పింది. “అడిగితే ఇచ్చీవోడేమో. ఎవులికి తెలుసు” అంది. లేచి, చీపురు తెచ్చి, కోడలు వారిస్తున్నా వినకుండా ఆ ఇసుక తనే ఊడ్చి, కొడుకు రాకముందే పూలకుండీలో పోసేసింది.

జనవరి రెండో శనివారం పోటీ. తొమ్మిది గుంటలు. గౌరీదేవి సంచీలో గమ్‌బూటులాంటి ఆ అడుగు చూసి సూర్యప్రకాష్ పెద్దగా నవ్వాడు. “యే క్యా ఉఠా లాయీ? ఎక్కణ్ణించి పట్టుకొచ్చావు, మ్యూజియంలోంచా?” కూర్మారావు దగ్గర తీసుకున్నానంది. అతను మరేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి ఆమె సిద్ధంగానే ఉంది. మూడో గుంట దగ్గర అతను బంకర్‌లో వేశాడు. ఆమె దిగి, ఒక్క దెబ్బకు పచ్చిక మీద పెట్టింది. చూసేవాళ్ళు నలుగురు చప్పట్లు కొట్టారు. “తుక్కా” అన్నాడతను, గుడ్డిదెబ్బ అన్న అర్థంలో. ఏడో గుంట దగ్గర మళ్ళీ వేశాడు, మళ్ళీ తీసింది, ఈసారి గుంటలో నాటిన జెండాకు మూరెడు దూరంలో. “ఫిర్ తుక్కా” అన్నాడు గాని ఆ గొంతులో ధీమా లేదు. ఆమెకు మాత్రం అతని బంతి ఇసుకవైపు తిరిగినప్పుడల్లా లోలోపల పండగలా ఉంది. భర్త తప్పు దెబ్బ కొడితే ఇంత సంతోషించవచ్చా అని ఒక క్షణం సిగ్గుపడి, మరుక్షణం ఆ సిగ్గునూ మరిచిపోయింది.

తొమ్మిదో గుంట చిన్నది. మొదటి దెబ్బతోనే పచ్చిక మీదికి చేరవచ్చు. అందరికంటే ముందున్న జంట ఆట ముగించి కూర్చుంది. ఈ గుంటను మూడు దెబ్బల్లో ముగిస్తే కప్పు వీళ్ళది, నాలుగైతే వాళ్ళది. సూర్యప్రకాష్ కొట్టాడు. బంతి గాలిలో వంగి, పచ్చిక ముందున్న లోతైన బంకర్‌లో, ఎదురు గట్టు కింద పడింది. క్లబ్బు వరండాలో ఉన్నవాళ్ళంతా గట్టు దాకా నడిచి వచ్చారు.

ఆమె దిగబోతుంటే అతను తన సింగపూర్ కర్ర చాచాడు. “గౌరీ, ఇప్పటిదాకా సరే. ఇది ట్రోఫీ. ఆ బూటు వదిలి ఇది తీసుకో.”

“వద్దండి.”

“అందరూ చూస్తున్నారు. మాట విను.”

“చూడనివ్వండి” అంది. ఇరవై రెండేళ్ళలో పదిమంది ఎదుట అతని చేతిలోంచి ఏదైనా అందుకోకపోవడం అదే మొదలు. చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆమె ఇసుకలోకి దిగింది.

దిగాక ఎవరూ కనిపించలేదు. పాదాలు దింపుకుంటుంటే కింద ఇసుక పొడిగా, లోతుగా ఉందని మడమలు చెప్పాయి. ముఖం బాగా తెరిచింది. దెబ్బకు ముందు కర్ర ఇసుకను తాకకూడదు; గాలిలోనే పట్టుకుని, బంతి వెనక రెండంగుళాల చోట, ఎవరూ గీయని గీతను చూసింది. గట్టు తల ఎత్తు ఉంది. జెండా పదిహేను అడుగుల అవతల. ఇంత దగ్గరికి పోవడానికి అంత గట్టిగా కొట్టాలి. మధ్యలో ఆగితే అంతా పోతుంది. ఆగననే ధైర్యం ఒంట్లో పాలపొంగులా లేస్తుంటే ఎత్తి, వదిలి, పోనిచ్చింది.

అదే చప్పుడు. ఇసుక తెరలా లేచి ఆమె మీదే కురిసింది. బంతి కనిపించలేదు. గట్టు మీద ఒక్కసారిగా కేకలు. ఆమె గట్టెక్కి చూసేసరికి బంతి గుంట అంచుకు బెత్తెడు దూరంలో తెల్లగా కూర్చుని ఉంది. సూర్యప్రకాష్ వెళ్ళి, దాన్ని లోపలికి నెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు.

విందులో కప్పు అతని చేతిలో ఉంది. ఎలా గట్టెక్కారని ఎవరో అడిగితే, మైదానంలో ఇద్దరిలో ఒకరు చల్లగా ఆలోచించగలగాలని, ఆ ఆఖరి దెబ్బకు ముందు తాను గౌరికి ఏం చెప్పాడో, కంగారు పడవద్దని ఎలా వెన్ను తట్టాడో, బెత్తెడు దూరం నుంచి నెట్టడం చూడ్డానికి సులువుగా ఉన్నా చేతులు ఎలా వణుకుతాయో వర్ణించి చెప్పాడు. చెబుతూ చెబుతూ తనే నమ్ముతున్నాడని ఆమెకు కనిపించింది. కిందటేడైతే నవ్వి ఉండేది. ఇప్పుడు నవ్వనూ లేదు, బాధపడనూ లేదు. నిజానికి సగమే విన్నది. చెవుల్లో ఆ మెత్తటి చప్పుడు ఇంకా మోగుతోంది, జడలోంచి ఇసుక మెడ మీదికి జారుతోంది, మళ్ళీ ఎప్పుడు కొడతానా అని చేతులు తహతహలాడుతున్నాయి.

క్లబ్బు కార్యదర్శి సీతారామరావుగారు, ఎనభైకి దగ్గరపడ్డ పెద్దమనిషి, కాగితాలు పట్టుకుని వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చారు. వచ్చే నెల రాంచీలో రాష్ట్రస్థాయి పోటీలున్నాయి. “జంటలకు మీ పేర్లు రాసుకోమంటారా?” అన్నారు.

“రాసేయండి సార్. మా ఇద్దరివీ” అన్నాడు సూర్యప్రకాష్.

గౌరీదేవి ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, అలవాటు ప్రకారం, కిందిదాకా చదివింది. జంటల పోటీ కింద మరో వరస ఉంది. “ఇది ఆడవాళ్ళ విడి పోటీ కదండీ. ఎవరి బంతి వాళ్ళే ఆడుకునేది. అందులో నా పేరు రాయండి. జంటల్లో వద్దు.”

సీతారామరావుగారు సంతోషించారు గాని, ఒక చిక్కు చెప్పారు. దానికి ఆమె సొంత స్కోరు కార్డులుండాలి. క్లబ్బు రికార్డుల్లో ఆమె పేరు మీద ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ ఆమె ఆడినదంతా శ్రీ అండ్ శ్రీమతి సూర్యప్రకాష్ కార్డులోనే ఉంది. పద్దెనిమిది గుంటలు ఒంటరిగా, తన బంతితో, కనీసం మూడుసార్లు ఆడితే గాని ఆట స్థాయిని చెప్పే అంకె ఆమెకంటూ ఒకటి రాదు. గడువు దగ్గర్లో ఉంది. రేపే మొదలుపెట్టాలి. రేపు ఉదయం ఆరు గంటలకు ఖాళీ ఉంది, ఆమెకు అభ్యంతరం లేకపోతే సాక్షిగా తానే వెంట నడిచి కార్డు రాస్తానన్నారు.

“రేపా?” అన్నాడు సూర్యప్రకాష్. కప్పును బల్ల మీద పెట్టాడు. “రేపు ఆదివారం కదా గౌరీ. ఆరింటికంటే మరి అమ్మ ఇన్సులిన్... పాలవాడు... నా...” అని ఆగిపోయాడు. చేతివేళ్ళు ఒక్కొక్కటే మడుస్తున్నాడు. ఆదివారం పొద్దున తన ఇంట్లో ఎన్ని పనులుంటాయో అతను పెళ్ళయ్యాక మొదటిసారి వరసగా గుర్తు చేసుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. తొందరపెట్టకుండా, అతను ఆ జాబితా చివరిదాకా చేరేవరకూ ఓపిగ్గా కూర్చుంది. తరవాత కార్యదర్శి వైపు తిరిగింది.

“ఆరు గంటలకే రాయండి” అంది గౌరీదేవి. “ఒక్క పేరే.”